వెలుగుకూ వంతులున్నాయి

1928 నవంబరు 6. అమెరికాలో అధ్యక్ష ఎన్నికల ఫలితాలు వస్తున్న రాత్రి. న్యూయార్కులో టైమ్స్ భవనం నాలుగు ముఖాల చుట్టూ 14,800 బల్బులు బిగించి, వార్తలను అక్షరం వెనక అక్షరంగా పరుగెత్తించారు. హూవర్ గెలిచిన సంగతి వీధిలో జనం మెడలెత్తి చదువుకున్నారు. నడిచే అక్షరాల బోర్డుల కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు. ఆ బల్బుల వెనక ఏం జరిగేదో చదివిన రోజున మాత్రం నాకు పట్టరాని సంతోషం కలిగింది. లోపల ఉన్నది ఒక కంపోజిటరు! అక్షరాల దిమ్మలు ఒక్కొక్కటే ఏరి చట్రంలో పేర్చేవాడు. చట్రం గొలుసు మీద కదులుతూ పోయేది. దారి పొడవునా విద్యుత్ కాంటాక్టులు కాచుకుని ఉండేవి. అక్షరం ఏ కాంటాక్టును తాకితే దాని తాలూకు బల్బు వెలిగేది, దాటిపోగానే ఆరేది. లోపల అక్షరం ఎలా కదిలితే బయట వెలుగు అలా కదిలేది.

ఈ సంగతి బెజవాడ మనిషికి ఎందుకంత నచ్చిందో చెప్పాలి. ఇది అచ్చుకూటాల ఊరు. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి దినపత్రికలు ఇక్కడే పుట్టాయి. పుస్తకాలు, శుభలేఖలు, సినిమా కరపత్రాలు అచ్చువేసే ట్రెడిల్ మిషన్ల చప్పుడు గవర్నరుపేట సందుల్లో విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. కంపోజిటరు కేసు ముందు నిలబడి, కళ్ళు రాతప్రతి మీద పెట్టి, చేత్తో తడుముకోకుండా అక్షరాలు ఏరి స్టిక్కులో పేర్చడం చూసినవాళ్ళూ ఉన్నారు. ఇక్కడ ఆ పేర్పు కాగితం మీదికి ఎక్కింది, అక్కడ వెలుగులోకి ఎక్కింది. ఇప్పుడు దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి కింద, రాజకీయ సభల్లో, పెళ్ళి మండపాల్లో నిలబెట్టే ఎల్‌ఈడీ తెరల పక్కన ఒక కుర్రాడు లాప్‌టాపు, ఒక చిన్న ఇనుప పెట్టె పెట్టుకుని కూర్చుంటాడు. అతని వంశవృక్షాన్ని పైకి వెతుక్కుంటూ పోతే ఆ కంపోజిటరు కనిపిస్తాడు. ఇద్దరికీ మధ్య ఎవరెవరున్నారో చూద్దామని బయల్దేరాను.

ముందు ఆ తెర గురించి ఒక మాట. వేదిక వెనక ఇరవై అడుగుల తెర నిలువెల్లా వెలిగిపోతున్నట్టు మన కంటికి కనిపిస్తుంది. నిజానికి ఏ క్షణాన్ని పట్టి ఆపి చూసినా అందులో చాలా భాగం చీకటే. వేదికల మీద వాడే రకాల్లో ఒక్కో ప్యానెల్లో పదహారు వరుసలకు ఒక్క వరుసే వెలుగుతుంటుంది. అది ఆరగానే పక్క వరుస, తర్వాత ఆ పక్కది. సెకనుకు కొన్ని వేలసార్లు ఈ చుట్టు పూర్తవుతుంది గనక కన్ను దాన్ని ఒకటే బొమ్మగా కలిపేసుకుంటుంది. సెల్‌ఫోనుతో ఫొటో తీస్తే తెర మీద నల్లటి అడ్డచారలు పడేది ఇందుకే. కాలువ చివరి ఊళ్ళకు వంతులవారీగా నీళ్ళు వదిలినట్టు, ఇక్కడ కరెంటుకు వంతులు. లస్కరు ఏ తూము ఎప్పుడు ఎత్తుతాడో దాన్నిబట్టే చేను పండుతుంది. ఎల్‌ఈడీ తెర వెనక ఉన్న కార్డులూ తీగలూ చిప్పులూ అన్నీ కలిసి చేసేది ఆ లస్కరు పనే. బొమ్మ బాగుందంటే వంతులు సరిగా పడ్డాయని అర్థం.

చీకటిని కలుపుకుని బొమ్మ చూడటం మన ఊరికి కొత్త కాదు. ఆంధ్రదేశంలో మొదటి సినిమా హాలుగా చెప్పుకునే మారుతి 1921లో బెజవాడలోనే వెలిసింది. కట్టించినవారు పోతిన శ్రీనివాసరావు. సినిమా ప్రొజెక్టరులో ఒక్కో ఫ్రేము కదిలేటప్పుడు మసక పడకుండా షట్టరు రెక్క అడ్డం వస్తుంది. మూడు గంటల సినిమాలో ప్రేక్షకుడు దాదాపు సగంసేపు చీకటి తెరనే చూస్తాడు, చూసినట్టు మాత్రం తెలియదు. ఆ మిషను నడిపే మనిషిని గాంధీనగర్‌లో ఆపరేటరు అనేవాళ్ళు. ఎల్‌ఈడీ వాల్ నడిపే మనిషిని ఇప్పుడు కూడా ఆపరేటరు అనే అంటారు. ఒక తేడా ఉంది. సినిమా ఆపరేటరుకు సర్కారు లైసెన్సు కావాల్సి వచ్చేది, దానికి పరీక్ష ఉండేది. వేలమంది జనం మధ్య టన్నుల బరువున్న తెర నిలబెట్టి, జనరేటరు కరెంటు ఇచ్చి నడిపే ఈ కుర్రాడికి అలాంటి చదువూ లేదు, గుర్తింపూ లేదు. ఒకడి వెనక నాలుగు సీజన్లు తిరిగి నేర్చుకోవాల్సిందే.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి వస్తాను. కంపోజిటరుకూ కంప్యూటరుకూ మధ్య మన తిరునాళ్ళలో ఒక యంత్రం రాజ్యమేలింది. అది తిరిగే చెక్క డ్రమ్ము.

మహాశివరాత్రికి నరసరావుపేట దగ్గర కోటప్పకొండకు వెళ్ళినవాళ్ళకు విద్యుత్ ప్రభల గురించి చెప్పక్కర్లేదు. చిలకలూరిపేట చుట్టుపక్కల కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ళు పోటీపడి కడతాయి. కలపతో, వెదుళ్ళతో వంద అడుగుల దాకా లేచే చట్రం, దాని నిండా రంగుల బల్బులు, వెనక జనరేటరు. ఇటు కృష్ణ ఉపనది మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకూ ప్రభలు కదులుతాయి. కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటకు వచ్చే ఏకాదశ రుద్రుల ప్రభలు వేరే జాతి. అవి రంగు బట్టలతో, నెమలి పింఛాలతో భుజాల మీద వస్తాయి, కౌశిక పాయలోకి దిగి నడుస్తాయి. పల్నాటి ప్రభలది వెలుగు దారి. అంత ఎత్తున్న ప్రభ రోడ్డు మీద కదలాలంటే అడ్డం వచ్చే కరెంటు తీగలు దించాలి, లేదా సరఫరా ఆపాలి. ఊరంతా చీకట్లో నిలబడి ఉంటే మధ్యలో ప్రభ ఒక్కటే తన సొంత కరెంటుతో వెలుగుతూ సాగిపోతుంది. ఆ చీకటి లేకపోతే ఆ వెలుగుకు అంత అందం వచ్చేది కాదు.

అంత పెద్ద చట్రం మీద దీపాలు ఊరికే వెలిగితే జనం రెండు నిమిషాలు చూసి పక్కకు తిరుగుతారు. నడవాలి. చక్రం తిరగాలి, పద్మం విచ్చుకోవాలి, నెమలి పింఛం పైనుంచి కిందికి జారాలి. ఎలక్ట్రానిక్స్ రాకముందు ఇదంతా చెక్క డ్రమ్మే చేసింది. గుండ్రంగా చిత్రిక పట్టిన కొయ్య, దాని మీద మేకులతో తాపడం చేసిన రాగి రేకులు, చివరన కరెంటు అందించే రాగి ఉంగరం. డ్రమ్ముకు ఒత్తుకుంటూ ఇత్తడి పట్టీలు వరుసగా ఉంటాయి. ఒక్కో పట్టీ నుంచి ఒక్కో బల్బుల వరుసకు తీగ. మోటారు డ్రమ్మును నెమ్మదిగా తిప్పుతుంది. పట్టీ కిందికి రాగి వస్తే ఆ వరుస వెలుగుతుంది, కొయ్య వస్తే ఆరుతుంది. ఇంతే యంత్రం.

ఇంతే యంత్రంతో ఏం చేశారో చూడండి. రేకును డ్రమ్ము మీద ఏటవాలుగా చుట్టి కొడితే పట్టీలకు ఒకదాని తర్వాత ఒకటిగా కరెంటు అందుతుంది, దీపం పరుగెడుతుంది. మోటారును వెనక్కి తిప్పితే పరుగు వెనక్కి మళ్ళుతుంది. రేకును ముక్కోణంగా కత్తిరిస్తే ఒక కొసన ఉన్న వరుస ఎక్కువసేపు, మరో కొసన ఉన్నది కొద్దిసేపు వెలుగుతాయి. పద్మం మధ్య నుంచి అంచులకు విచ్చుకుని, అంచుల నుంచి మధ్యకు ముడుచుకునేది ఈ కత్తిరింపు వల్లే. రెండు ముక్కోణాల మధ్య వేలెడు కొయ్య వదిలితే పువ్వు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి మళ్ళీ విచ్చుకుంటుంది. ఆ వేలెడు ఖాళీ ఎంత ఉండాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. చీకట్లో ఎదురుగా నిలబడి చూసి, వెనక్కి వెళ్ళి రేకు అంచు ఆకురాయితో రుద్ది, మళ్ళీ ముందుకొచ్చి చూసుకుని తేల్చుకునేవాళ్ళు.

చిన్నప్పుడు తిరునాళ్ళలో నేను ప్రభ ముందు కంటే వెనకే ఎక్కువసేపు నిలబడేవాణ్ణి. రేకుల అంచుల దగ్గర నీలం రంగు నిప్పురవ్వలు లేచేవి. కాలిన కొయ్య వాసన, వేడెక్కిన మోటారు వాసన కలిసి వచ్చేవి. లైటింగు మనిషి గరుకు కాగితంతో ఇత్తడి పట్టీల మసి తుడుస్తూనే ఉండేవాడు. మసి పట్టిందంటే ఆ వరుస దీపాలు మిణుకుతాయి. దగ్గర్లో ఎవరి రేడియో మోగినా అందులో డ్రమ్ము తిరిగే లయలో గరగరమనేది. ముందు నిలబడ్డ జనానికి నెమలి కనిపించేది. నాకు ఆ నెమలి మేకులతో కొట్టి కొయ్య మీద పడుకోబెట్టినట్టు కనిపించేది.

ఈ డ్రమ్ముకు చుట్టాలు చాలామందే. పిన్నులు గుచ్చిన గొట్టం తిరుగుతూ పాట పలికించే పెట్టెలు యూరప్‌లో ముందునుంచీ ఉన్నాయి. 1804లో ఫ్రాన్సులో జోసెఫ్ మారీ జకార్డు చిల్లులు పొడిచిన అట్టలతో మగ్గానికి నేత చెప్పాడు. చిల్లు ఉంటే ఒక మాట, లేకపోతే ఇంకో మాట. మన నేతగాళ్ళ ఇళ్ళలో జకార్డు అట్టల దండలు ఈనాటికీ వేలాడుతుంటాయి. మనకు బాగా దగ్గరి చుట్టం బెంగాల్లో ఉంది. కలకత్తా పక్కన చందన్‌నగర్ జగద్ధాత్రి పూజ దీపాలకు పేరుపడ్డ ఊరు. అక్కడి శ్రీధర్ దాస్ ఇలాంటి చెక్క రోలర్లతోనే కదిలే దీపాల బొమ్మలు చేసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆ చందన్‌నగర్ ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళది, మన యానాం లాగానే. బెంగాల్ వాళ్ళు తమ దీపాల కళను ఊరి గొప్పగా చెప్పుకుంటారు, దాని మీద రాస్తారు, పరిశోధిస్తారు. మనవాళ్ళ డ్రమ్ములు పాత ఇనుప సామాను కొట్టుకు వెళ్ళాయి. రాగి ఊడబెరుక్కుని కొయ్యను పొయ్యిలో పెట్టారు. ఒక పద్మం ఎన్ని రేకులతో విచ్చుకునేదో, ఏ రేకు ఎంత పొడవో చెప్పే ఆధారం దాంతోపాటే బూడిదైంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది. 1887లో పునాది పడ్డ విక్టోరియా జూబిలీ భవనం అది. పింగళి వెంకయ్య 1921లో గాంధీజీకి పతాకం చూపించింది అక్కడే. శిల్పాల పక్కన ఒక్క డ్రమ్ముకు చోటిస్తే ఆ భవనం స్థాయి ఏమీ తగ్గదు. ఇంకా ఎవరి చావట్లోనో అటక మీద ఒకటి మిగిలే ఉంటుందని నా ఆశ.

డ్రమ్ముల తర్వాతి ఇరవై, పాతికేళ్ళ గురించి రాయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. చేసినవాళ్ళు రాసుకోలేదు, రాసేవాళ్ళు చూడలేదు. 555 టైమరు, 4017 కౌంటరు అనే రెండు చవక చిప్పులతో పదివరుసల దీపాలను పరుగెత్తించే బోర్డులు వచ్చాయి. కాలేజీ కుర్రాళ్ళు కూడా సోల్డరింగు చేసుకునేవాళ్ళు. తర్వాత ఆజ్ఞలు రాసి దాచుకునే ఈప్రామ్ వచ్చింది. 2716 అనే చిప్పులో ఎనిమిది వరుసలకు 2,048 అంచెల ఆజ్ఞలు పట్టేవి. ఒక్క చుట్టుతో అయిపోయే డ్రమ్ము దీని ముందు ఎంత? ఆ చిప్పు నెత్తిన చిన్న గాజు కిటికీ ఉండేది. అతినీలలోహిత కాంతి చూపిస్తే లోపల రాసిందంతా చెరిగిపోయేది. అందుకని కిటికీ మీద స్టిక్కరు అంటించి కాపాడుకునేవాళ్ళు. వెలుగు నడక నేర్చుకున్న జ్ఞాపకాన్ని వెలుగు నుంచే దాచుకోవాల్సి వచ్చింది.

ఎల్‌ఈడీ సంగతి అందరూ రాసిందే, త్వరగా దాటేస్తాను. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్ర ఎల్‌ఈడీ చేశాడు. తర్వాత పసుపు, పచ్చ వచ్చాయి. నీలం మాత్రం ముప్పై ఏళ్ళు మొండికేసింది. 1993లో జపాన్‌లో నిచియా అనే కంపెనీలో షూజీ నకమురా బాగా వెలిగే నీలాన్ని సాధించాడు. అకసాకి, అమానోలతో కలిసి 2014లో ఆయనకు నోబెల్ వచ్చింది. నీలం లేనన్నాళ్ళూ ఎల్‌ఈడీ బోర్డులు ఎర్రగానో, పచ్చగానో, రెండూ కలిసిన నారింజ రంగులోనో ఉండిపోయాయి. విజయవాడ రైల్వే స్టేషన్లో కోచ్‌లు ఎక్కడ ఆగుతాయో చెప్పే ప్లాట్‌ఫారం బోర్డులు అలాంటివే. ఎల్‌ఈడీ చుక్కల్లో తెలుగును నేను మొదట చూసింది అక్కడే.

చుక్కల్లో తెలుగు అన్నాను కదా, అది పెద్ద తగాదా. బీసెంట్ రోడ్డులో బంగారు కొట్టు మీద, మెడికల్ షాపు మీద, గుడి ముఖద్వారం మీద ఎర్రటి అక్షరాలు పరుగెత్తే బోర్డు ఉంటుంది. అది పీ10 అనే ప్యానెళ్ళతో కట్టింది. ఒక్కో ప్యానెల్ 32 సెంటీమీటర్ల పొడవు, 16 సెంటీమీటర్ల ఎత్తు, అడ్డం 32, నిలువు 16, మొత్తం 512 చుక్కలు. 1928 నాటి న్యూయార్కు బోర్డు మొత్తం చుక్కలు ఇలాంటి 29 ప్యానెళ్ళలో సరిపోతాయి. ఇంగ్లీషు అక్షరానికి ఏడు చుక్కల ఎత్తు చాలు, పదహారు చుక్కల్లో రెండు వరుసలు రాయొచ్చు. మన లిపికి తలకట్టు పైన గుడి కావాలి, కింద వత్తు కావాలి. ‘లక్ష్మీ’ అని రాయాలంటే గుడిదీర్ఘం, క, దాని కింద షవత్తు, మవత్తు. పదహారు చుక్కల్లో ఇవన్నీ ఇరికిస్తే అక్షరం ముద్దవుతుంది. పెంచితే వత్తు బోర్డు కిందికి జారిపోతుంది. వత్తు లేని పేర్లతో ఎన్ని కొట్లు నడుస్తున్నాయో ఒకసారి తలెత్తి చూడండి.

చైనా నుంచి వచ్చిన కంట్రోల్ కార్డు సాఫ్ట్‌వేరుకు తెలుగు అక్షరాలు కలపడం తెలియకపోతే ఇంకో ఇబ్బంది. ‘శ్రీ’ అని కొడితే శ వేరు, పొల్లు వేరు, ర వేరు, దీర్ఘం వేరుగా, గుడికి ఆధారం దొరక్క చుక్కల సున్నా ఒకటి పక్కన పెట్టుకుని బయటికొస్తాయి. మన ఆపరేటర్లు దీనికి తమ మార్గం కనిపెట్టారు. అను ఫాంటుతో ఫొటోషాపులో పేరు రాసుకుని, దాన్ని బొమ్మగా మార్చి, ఆ బొమ్మనే బోర్డు మీద పరుగెత్తిస్తారు. ఓపికున్నవాడు అక్కడితో ఆగడు. బొమ్మను పదహారు చుక్కలకు కుదించాక పెద్దది చేసి చూసి, ముద్దైన చోట ఒక చుక్క తీసి, తెగిన చోట ఒక చుక్క పెడతాడు. కేసు ముందు నిలబడ్డ కంపోజిటరు చేసిన పనే ఇది, చుక్క దగ్గరికి దిగివచ్చి. ఇది సాఫ్ట్‌వేరు చేయాల్సిన పని, చేయించుకోవాల్సింది మనం. కొనేవాళ్ళం ఇన్ని వేలమందిమి ఉండి మన లిపి సరిగా రావాలని గట్టిగా అడగలేదు.

ఇప్పుడు పెద్ద తెర. వేదిక మీద ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు తెర నిలబెట్టాలనుకుందాం. అరమీటరు చదరం కేబినెట్లు 72 కావాలి. ఎక్కువగా వాడే రకంలో ఒక్కో కేబినెట్‌కు అడ్డం 128, నిలువు 128 చుక్కలు. మొత్తం 11,79,648. ఒక్కో చుక్కలో ఎరుపు, పచ్చ, నీలం. వీటికి వంతులు వేసే పని రెండు రకాల కార్డులు పంచుకుంటాయి. లాప్‌టాపు నుంచి బొమ్మ అందుకుని ముక్కలుగా విడదీసి పంపేది సెండింగ్ కార్డు, ఆపరేటరు పక్కనున్న ఇనుప పెట్టెలో ఉండేది అదే. ఒక్కో కేబినెట్ వీపులో కూర్చుని తన ముక్క తాను తీసుకుని మిగతాది పక్క కేబినెట్‌కు అందించేది రిసీవింగ్ కార్డు. మధ్యలో ఇంటర్నెట్‌కు వాడే మామూలు లాన్ కేబులే. ఆ కేబులు సెకనుకు వంద కోట్ల బిట్లు మోస్తుంది. చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 బొమ్మలు చొప్పున లెక్కేస్తే ఆరున్నర లక్షల చుక్కలకే 93 కోట్ల 60 లక్షలు అవుతాయి. అందుకే ఒక కేబులుకు ఆరున్నర లక్షల చుక్కలని హద్దు. మన తెర రెండు కేబుళ్ళ పని, ఒక్కోదానికి 36 కేబినెట్లు. డ్రమ్ము మీద ఎన్ని పట్టీలు పడతాయో చూసుకుని బల్బుల వరుసలు పంచుకున్న లెక్కే ఇది, అంకెలు పెరిగాయి.

షియాన్‌లో 2008లో మొదలైన నోవాస్టార్, షెన్‌జెన్‌కు చెందిన లిన్సన్, కలర్‌లైట్, హుయిడు, ఇవీ ఆ కార్డులు చేసే చైనా కంపెనీలు. మన డెల్టా ఊళ్ళలో ఆపరేటర్ల నోట ఈ పేర్లు ఎరువుల కంపెనీల పేర్లంత మామూలుగా దొర్లుతాయి. వీటి సాఫ్ట్‌వేర్లలో కొన్నింటిలో లోపలి సెట్టింగులు తెరవడానికి కంపెనీ పెట్టి పంపే అంకె 168. చైనావాళ్ళకు కలిసొచ్చే అంకె అది, మనకు నూటపదహారు ఉన్నట్టు. గుడివాడలో, మచిలీపట్నంలో, అవనిగడ్డలో ఏ వేడుక మొదలవ్వాలన్నా ముందు ఒక కుర్రాడు చైనా శుభసంఖ్య కొడుతున్నాడన్న ఊహ నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

కేబినెట్లు కట్టడం అయ్యాక అసలు పని మొదలవుతుంది. కేబులు ఏ కేబినెట్ నుంచి ఏ కేబినెట్‌కు వెళ్ళిందో సాఫ్ట్‌వేరులో గీత గీసి చెప్పాలి. కేబుళ్ళు పెట్టేది తెర వెనక నిలబడి. గీత గీయాల్సింది తెర ముందు నుంచి చూసినట్టు. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. అలవాటు లేనివాడు ఇక్కడే తికమక పడతాడు. ఆరితేరినవాడు కేబినెట్లకు సుద్దతో అంకెలు వేసుకుని పని కానిస్తాడు. జాగ్రత్తపరుడైతే చివరి కేబినెట్ నుంచి ఇంకో కేబులు వెనక్కి తెచ్చి పెట్టెకు కలుపుతాడు. మధ్యలో ఎవరి కాలో తగిలి ఒక కేబులు ఊడినా రెండో వైపు నుంచి బొమ్మ అందుతుంది, జనానికి తెలియనే తెలియదు.

ఇంకో మెట్టుంది. సెట్టింగులన్నీ కుదిరాక కార్డులకు ‘పంపడం’ వేరు, వాటిలో ‘భద్రపరచడం’ వేరు. పంపితే తెర బాగానే కనిపిస్తుంది. భద్రపరచకపోతే కరెంటు పోయి రాగానే కార్డు అంతా మరిచిపోతుంది. గుడివాడ అవతల ఒక పెళ్ళి రిసెప్షన్లో ఇది నా కళ్ళముందే జరిగింది. లైను కరెంటు పోయింది, జనరేటరు అందుకుంది, తెర మళ్ళీ వెలిగింది. పెళ్ళికూతురి కళ్ళు గడ్డం కిందికి వచ్చాయి, పెళ్ళికొడుకు తలపాగా అడ్డంగా మూడు ముక్కలై తెరంతా చెదిరింది. ముసలావిడ ఒకరు అపశకునమని కళ్ళు మూసుకున్నారు. ఆపరేటరు కుర్రాడికి పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు. చెమటలు తుడుచుకుంటూ గీతలన్నీ మళ్ళీ గీసి, ఈసారి భద్రపరిచి, అరగంటలో చక్కదిద్దాడు. అతన్ని ఎవరూ మెచ్చుకోలేదు, తిట్టినవాళ్ళే అందరూ. ఆ ‘భద్రపరచు’ మీట ఒకటుంటుందని అతనికి ముందే చెప్పిన పెద్దవాడు లేడు. చెక్క డ్రమ్ము కరెంటు పోతే ఎక్కడిది అక్కడ ఆగేది, వస్తే అక్కడి నుంచే తిరిగేది.

డ్రమ్ముతో పాటు పోయింది ఏమిటని అడిగితే నేను ఇదే చెబుతాను. డ్రమ్ము కట్టినవాడు బొమ్మ కూడా తనే కట్టాడు. పద్మం ఎంతసేపట్లో విచ్చుకోవాలన్నది అతని తీర్పు. పాడైతే అతనే బాగుచేశాడు, పక్క ఊరివాడు చూసి ఇంకా బాగా చేయాలని ప్రయత్నించాడు. ఇప్పుడు తెర ఎవరిదో, బొమ్మ ఎవరిదో, వంతులు వేసే ఫైలు ఎవరు రాశారో. ప్యానెల్ మారితే దానికి సరిపడే ఫైలు అమ్మినవాణ్ణి అడిగి తెచ్చుకోవాలి. మన ఆపరేటరు చేతిలో చురుకుదనం తగ్గలేదు, అతను తీర్పు చెప్పే చోటు తగ్గింది. వాడవాడలా తెరలు పెరిగాయి గానీ ఒక ఊరి తెర చూసి ఇది ఫలానా ఊరివాళ్ళ పనితనమని గుర్తుపట్టే వీలు పోయింది. కావూరు ప్రభనూ పురుషోత్తమపట్నం ప్రభనూ దూరం నుంచే పోల్చుకునేవాళ్ళు ఉండేవాళ్ళు.

న్యూయార్కు బోర్డు ఏమైందో చెప్పలేదు కదా. 1942లో యుద్ధకాలపు దీపాల ఆంక్షలకు ఆరిపోయింది. మళ్ళీ వెలిగాక 1945 ఆగస్టు 14 సాయంత్రం జపాను లొంగిపోయిన వార్త మోసింది అదే. అప్పటికే భవనం ముందు కూడలిలో కిక్కిరిసిన జనం కేరింతలు కొట్టారు. అక్షరాలు పేర్చే పద్ధతి కాలక్రమంలో పోయి, అదే చోటికి తర్వాత ఎల్‌ఈడీలు వచ్చాయి.

మన దగ్గర వంతుల విద్య ఆకాశానికి ఎక్కింది. 2024 అక్టోబరు 22న పున్నమి ఘాట్‌లో కృష్ణమ్మ మీద ఐదున్నర వేల డ్రోన్లు లేచి బొమ్మలు కట్టాయి, ఐదు గిన్నిస్ రికార్డులు వచ్చాయి. లెక్కకు చూస్తే ఆ చుక్కలు పదకొండు పీ10 ప్యానెళ్ళకు కూడా చాలవు. ఒక్కో చుక్కకూ రెక్కలుండటమే అక్కడి గొప్ప. దీపం ఆరి వెలగడానికి బదులు దీపమే చోటు మారింది, అంటే చట్రంలో అక్షరం కదిలినట్టు వెలుగే కదిలింది. దాన్ని చూసిన రాత్రి ఘాట్ మీద పిల్లలు పెట్టిన కేకలు నాకు ప్రభ ముందు విన్న కేకల్లాగే వినిపించాయి.

2016 ఆగస్టులో 12 నుంచి 23 దాకా జరిగిన కృష్ణా పుష్కరాలు మళ్ళీ 2028లో వస్తాయి. దుర్గా ఘాట్ నుంచి పవిత్ర సంగమం దాకా ఎన్ని తెరలు నిలబడతాయో ఊహించుకోవచ్చు. టెండరు కాగితాల్లో తెర ఎన్ని అడుగులో, ఎంత వెలుగో తప్పకుండా రాస్తారు. వాటి పక్కనే ఇంకో రెండు షరతులు రాయమని అధికారులను కోరుతున్నాను. తెలుగు అక్షరం వత్తుతో సహా పూర్తిగా కనిపించాలి. తెర నడిపే కుర్రాళ్ళకు నెల ముందు నుంచి జీతమిచ్చి శిక్షణ ఇవ్వాలి. కోటప్పకొండ ప్రభల లైటింగు చేసిన పాతవాళ్ళలో ఎవరైనా ఉంటే వాళ్ళను కూడా ఆ శిక్షణకు పిలిచి, పద్మం ఎలా విచ్చుకోవాలో చెప్పమని అడగాలి.